తాళ్ళ తిప్పన మూడో నిద్ర

రెండోసారి కూడా తిప్పన కెవ్వున కేకపెట్టి లేచి కూర్చున్నాడు. ఆ కేకకు గుహ కప్పును పట్టుకు వేలాడుతున్న గబ్బిలాలు పట్టపగలని కూడా చూడకుండా బయటికి ఎగిరిపోయాయి. గుహ వాకిట్లో కూర్చుని కల్వంలో ఆకు నూరుతున్న అవ్వ ఒక్కసారి తలెత్తి చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

“ఈసారి ఎంత దూరం పోయినావురా అబ్బీ?”

“నలభై అడుగులు.”

“నిన్న?”

“నిన్న అరవై.”

“బాగుంది. ఇంకో రెండు దినాలు పంపితే గడప కూడా దాటవు. అయినా ఆ రెండు దినాలు మనకు లేవులే.”

లేవని తిప్పనకూ తెలుసు. అతని పక్కనే ఈతచాప మీద అక్క చెంగమ్మ పడుకుని ఉంది. ఆమె నిద్రపోయి ఇది ఏడో రోజు. ఇవాళ సూర్యుడు జోలగుట్ట వెనక్కి దిగేసరికి ఆమె ఊపిరి ఆగిపోతుంది. పెదవులు అప్పుడే నేరేడుపండు రంగుకు తిరిగాయి.

కుందనగిరి రాజ్యం సంగతి తెలియని వాళ్ళుంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఆ రాజధానికి ఏడు ప్రాకారాలు, ప్రాకారానికో కందకం, కందకానికో మొసళ్ళ మంద. శత్రువు కాలు పెట్టలేడని రాజుగారి ధీమా. స్వాపకేతుడనే మాంత్రికుడు కాలు పెట్టకుండానే పని కానిచ్చాడు. వాడు పంపిన నీలిపొగ కోటగోడల మీదుగా వచ్చి, ఒక్కో ఇంట్లో ఒక్కొక్కరిని తాకి పోయేది. తాకినవాళ్ళు నిద్రపోయేవాళ్ళు. ఏడో నాటి పొద్దుగూకేసరికి ఆ నిద్రలోనే పోయేవాళ్ళు. వాళ్ళు బతకవలసిన మిగతా ఆయుష్షంతా స్వాపకేతుడి ఒంట్లో చేరేది. ఇప్పటికి నూట పదిమంది అలా పోయారు. కందకాల్లో మొసళ్ళు మాత్రం క్షేమంగా ఉన్నాయి.

నూట పదకొండో మనిషి చెంగమ్మ. రాజధానిలో నారవాడ అనే వీధిలో తాళ్ళు పేనే ఇల్లు వాళ్ళది. అమ్మానాన్నలు ఒకే వారంలో మహమ్మారికి పోతే, పదేళ్ళ పిల్ల నాలుగేళ్ళ తమ్ముణ్ణి చంకనెత్తుకుని వచ్చి రాట్నం ముందు కూర్చుంది. అప్పటినుంచి ఆమె తిప్పుతుంటే అతను పేనుతున్నాడు. ఆ వీధిలో తిప్పనంత గట్టిగా చేంతాడు పేనేవాడు లేడు, తిప్పనంత పిరికివాడూ లేడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది అతని సిద్ధాంతం. వంతెన కనిపిస్తే కిందికి దిగి స్తంభాలు తట్టి చూసి గానీ ఎక్కడు. అలాంటివాడు అక్కను వీపున కట్టుకుని, పులులు తిరిగే అడవిని ఒంటరిగా దాటి ఈ గుహకు వచ్చాడంటే ఆమె మీద ఎంత ప్రేమో మీరే ఊహించుకోండి. దారి పొడవునా ఏడుస్తూనే వచ్చాడు, అది వేరే సంగతి.

ఈ అవ్వ స్వాపకేతుడికి పసితనంలో జోలపాడిన దాది. వాడు విద్య నేర్చుకోగానే మొట్టమొదట దొంగిలించింది ఆమె నిద్రనే. అరవై ఏళ్ళుగా ఆమె కన్ను మూయలేదు. వాడు నిద్రలో పలవరించిన రహస్యాలన్నీ మేలుకుని విన్నది ఆమె ఒక్కతే. ఆమె నూరి ఇచ్చిన ఆకుపసరు తాగితే స్వాపకేతుడి స్వప్నపురంలోకి పోవచ్చు. అందరిలా మత్తులో కాక, ఇది కల అని కనిపెట్టే వీలుతో పోవచ్చు.

గుహలో ఇంకో మనిషి కూడా ఉన్నాడు. కుందనగిరి యువరాజు రణధీరుడు. మూడు రోజుల క్రితం ఆ పసరు ఒక్క గుక్కలో తాగి, “సాయంత్రానికి వాడి తలతో వస్తాను” అని పడుకున్నాడు. ఇంకా రాలేదు. పట్టుతివాచీ మీద వెల్లకిలా పడుకుని, చెయ్యి కత్తిపిడి మీద వేసుకుని, చిరునవ్వు నవ్వుతున్నాడు. ఆ చిరునవ్వు చూస్తుంటే తిప్పనకు ఒళ్ళు జలదరించేది.

“అంతటి వీరుడే రాలేకపోతే నావల్ల ఏమవుతుంది అవ్వా?” అన్నాడు.

“ఆయనకు దేనిమీదా అనుమానం లేదు అబ్బీ. అక్కడ నెత్తిన కిరీటం పెట్టుంటారు, నిజమే అనుకునుంటాడు. నీకు కంచంలో అన్నం మీద కూడా అనుమానమే. అది కల అని కనిపెట్టేది నీబోటివాడే.”

కనిపెట్టడం వరకూ తిప్పన మొనగాడే. మొలలో జానెడు తాడుముక్క దోపుకుని పడుకునేవాడు. నారవాడలో పేనే తాడుకు ఎప్పుడూ కుడిపురే, అంటే కుడివైపు మెలికే ఉంటుంది, అది వాళ్ళ తాతముత్తాతల నాటి కట్టు. కలలోకి పోగానే ఆ ముక్క తీసి చూస్తాడు, తల తిప్పుకుని మళ్ళీ చూస్తాడు. నిజమైన తాడు రెండోసారీ అలాగే ఉంటుంది. కలలో తాడుకు ఆ నిలకడ లేదు. కుడిపురి ఎడమపురి అవుతుంది, మూడోసారి చూస్తే జడ అయిపోతుంది. అప్పుడు ఇది కల అని తిప్పనకు తెలిసిపోతుంది. తెలిసినా కాళ్ళు వణకడం మానవు.

“కల అని తెలిసినాక ఇంకా భయమేందిరా?” అంది అవ్వ.

“కోరలు పీకిన పామని తెలిస్తే మాత్రం నోట్లో వేలు పెడతామా?” అన్నాడు తిప్పన. “నువ్వు దాన్ని చూడలేదు అవ్వా. అక్కడ మా తాళ్ళ దొడ్డి లాంటిదే ఒక దొడ్డి ఉంది. ఈ చివర అక్క రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆ చివర వాకిలి. వాకిలికి అడ్డంగా అది. నేను అటు తిరిగితే చాలు, పెరుగుతుంది. అక్కేమో పారిపో పారిపో అంటుంది. పారిపోతే మెలకువ వచ్చేస్తుంది.”

అవ్వ నూరడం ఆపింది. “వాడు పలవరింతల్లో ఒకటే మాట అనేవాడు. వాకిట్లో ఉన్నదాన్ని చేత్తో తాకితే మాయ విడిపోతుందని. కత్తితో కాదు, చేత్తోనే. తాకినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. తాకితే ఆ తరువాత ఏమవుతుందో నాకూ తెలీదు.” ఆ చివరిమాట అంటూ ఆమె మొహం తిప్పుకుంది. తిప్పన అది గమనించలేదు.

గుహ బయట ఎండ వాలుకు తిరిగింది. కొండ నీడ అడుగడుగునా వాకిట్లోకి పాకుతోంది. తిప్పన అక్క చెయ్యి పట్టుకుని చూశాడు. నారలు లాగీ లాగీ కాయలు కాసిన ఆ అరచెయ్యి చల్లబడుతోంది. అతను ఇంకేమీ అడగకుండా దొప్ప అందుకుని పసరు తాగేశాడు. మామూలుగా అయితే రెండుసార్లు వాసన చూసేవాడు.

స్వప్నపురంలో సూర్యుడు లేడు. అయినా ఊరంతా పసుపునీళ్ళు చల్లినట్టు వెలుగు. స్ఫటికపు ప్రాకారాలు, పగడపు తోరణాలు, మరకతాలు తాపిన అరుగులు. చెట్లకు గాజు ఆకులు. గాలి కదిలిందంటే వెయ్యిమంది పెళ్ళికూతుళ్ళు చేతులూపినట్టు గలగలలు. మేడల మీద నెమళ్ళు పురివిప్పితే ప్రతి ఈకలోని కన్నూ రెప్పలాడించేది. వీధులు నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, ఏదో గుర్తుకొచ్చినట్టు మరోపక్కకు మళ్ళేవి. అంత అందంలోనూ ఒక్క మనిషి మాట వినిపించదు.

తిప్పన తాడుముక్క తీసి చూశాడు. కుడిపురి. నెమలి వంక చూసి మళ్ళీ చూశాడు. ఎడమపురి. సరే, కలే. గుండె అప్పుడే దడదడ మొదలుపెట్టింది.

వీధి మలుపు తిరగగానే దొడ్డి ఎదురొచ్చింది. నారవాడలో ఉన్నట్టే రెండువందల అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. నేల మాత్రం చంద్రకాంత శిలలు పరిచి ఉంది. ఈ చివర రాట్నం ముందు చెంగమ్మ కూర్చుని ఉంది. ఎర్రంచు తెల్లచీర, నున్నగా దువ్విన తల, మెళ్ళో పగడాలు. అచ్చం చెక్కిన బొమ్మలా ఉంది.

“మళ్ళీ వచ్చావా తమ్ముడూ? లేచి పో. అది నిన్ను మింగేస్తుంది. నాకేం, నేనిక్కడ బాగానే ఉన్నాను.”

ఆ చివర అది లేచి నిలబడింది. ఒళ్ళు ఏనుగంత, తల అడవిదున్నది. ఆ తలకు మొసలినోరు, నోటినిండా గునపాల్లాంటి పళ్ళు. నల్లటి చర్మం మీద ఆవిరి లేస్తోంది. డెక్క తాకిన చోటల్లా చంద్రకాంత శిల పగిలి నీళ్ళు చిమ్ముతోంది. తిప్పన అడుగు వెనక్కి వేశాడు. అది మూరెడు పెరిగింది. ఇంకో అడుగు వేశాడు. ఇంకో మూర పెరిగింది.

ఇక కేక వేయడమే తరువాయి. కేక గొంతు దాకా వచ్చింది కూడా. కేక వేస్తే గుహలో మెలకువ వస్తుంది, ఇంకో దొప్పెడు పసరు నూరేసరికి పొద్దుగూకుతుంది. తిప్పన రెండు చేతులతో నోరు మూసుకుని అక్కడే కూలబడ్డాడు. ముందుకు పోలేడు, వెనక్కి పోకూడదు. అలా కూర్చున్నవాడికి రాట్నం పక్కన దువ్విన గోగునార కట్టలు కనిపించాయి.

తాళ్ళు పేనేవాడు జన్మంతా వెనక్కే నడుస్తాడు. నడుముకు నార చుట్టుకుని, దాని కొసను రాట్నం కొక్కేనికి తగిలించి, వేళ్ళతో నార వదులుతూ వెనక్కి వెనక్కి పోతాడు. రాట్నం తిరిగే కొద్దీ పురి ఎక్కుతుంది. తల తిప్పి వెనక్కి చూస్తే చెయ్యి తప్పి నార తెగుతుంది. అందుకని నారవాడలో పసిపిల్లలకు కూడా వెనక్కి చూడకుండా వెనక్కి నడవడం వస్తుంది. వెనకేముందో రాట్నం దగ్గర కూర్చున్న మనిషి చూసి హెచ్చరిస్తుంది. తిప్పన ఈ పని ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. ఎదురుగా నాలుగడుగులు వేయలేని మనిషి వెనక్కి వెయ్యి కోసులు నడిచి ఉంటాడు.

అతను లేచి నార నడుముకు చుట్టుకున్నాడు.

“ఏం చేస్తున్నావు?” అంది చెంగమ్మ.

“రాట్నం తిప్పు అక్కా. పేనుకుంటూ దాని దగ్గరికి పోతాను. చూస్తే గదా భయం. దాన్ని తాకేస్తే ఇద్దరం ఇంటికి పోవచ్చు.”

ఆమె అదోలా నవ్వి, “నీ ఇష్టం తమ్ముడూ. గట్టిగా కట్టుకో” అంది.

కొక్కేనికి కొస తగిలించి, మృగానికి వీపు పెట్టి తిప్పన నడక మొదలుపెట్టాడు. రాట్నం తిరిగింది. వేళ్ళ మధ్య నుంచి నార జారుతుంటే చేతులకు ప్రాణం లేచొచ్చింది. పది అడుగులు. ఇరవై. ముప్ఫై దగ్గర మృగం ఒక్కసారి పొట్టిగా అరిచింది. తిప్పన గుండె గుభేలుమంది. మరుక్షణం కుడికాలు గుంతలో పడింది, మోకాలు చెక్కుకుపోయింది. ఎదురుగా చెంగమ్మ రాట్నం తిప్పుతూనే ఉంది. అక్క పరాకుగా ఉందేమో అనుకున్నాడు. ఏడు రోజులుగా ఈ చోట ఉన్న మనిషి పరాకుగా ఉండదా మరి.

అరవై అడుగులు. మృగం మళ్ళీ ఒక్కసారి అరిచింది. ఆ వెంటనే రాతి గుంజ ఒకటి మోచేతికి తగిలి చెయ్యంతా జివ్వుమంది. నార తెగకుండా పళ్ళు బిగించి పట్టుకున్నాడు. రాట్నం దగ్గర చెంగమ్మ పెదవి కూడా కదపలేదు. కళ్ళు మాత్రం అతని నడుముకు చుట్టుకున్న నార మీదే ఉన్నాయి.

తొంభై. మృగం అరిచింది, ఈసారి రెండుసార్లు, పొట్టిగా, వెంటవెంటనే. తిప్పన ఏమీ ఆలోచించలేదు. కాళ్ళే ఆలోచించాయి. అడుగు కుడికి జరిగింది. అతను వెనక్కి నడుస్తుండగా ఎడమపక్క నుంచి ఒక బావి అతని కళ్ళముందుకు జరుగుతూ వచ్చింది. గోడ లేదు, అడుగు లేదు. అందులో ఒక్కడుగు పెట్టి ఉంటే ఈ కథ ఇక్కడితో సరి.

తిప్పన నిలబడిపోయాడు.

రెండువందల అడుగుల దొడ్డిలో, రాట్నం రొదలో, ఈ చివరి మాట ఆ చివరికి వినిపించదు. అందుకని నారవాడలో మాటలకు బదులు కూతలు. ఒక్క కూత అయితే ఎడమకు జరుగు. రెండు కూతలైతే కుడికి జరుగు. పొడుగాటి కూత అయితే ఆగు. పొరుగువీధి వాళ్ళకు కూడా ఇవి తెలియవు. ఇరవై ఏళ్ళలో అక్క కూత తప్పి తిప్పన ఒక్క గుంతలో పడింది లేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా, ముందురోజు పోట్లాడుకుని మాటలు మానేసినా, కూత మాత్రం మానేది కాదు.

గుంత ముందు కూసింది వెనక ఉన్నది. గుంజ ముందు, బావి ముందు కూసిందీ అదే. ఎదురుగా పగడాలు పెట్టుకుని కూర్చున్నది చూస్తూ ఊరుకుంది.

అతనికి సంగతి అర్థమయ్యేసరికి ఏడుపు వచ్చేసింది. రెండుసార్లు, రెండుసార్లు ఆమెను చూసి కేకపెట్టి పారిపోయాడు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేక, ఆ మొసలినోటితో ఆమె ఎంత మొత్తుకుందో. సిగ్గు వేసింది. ఆ సిగ్గుకు భయం చాలావరకు చచ్చిపోయింది.

“ఆగిపోయావేం తమ్ముడూ?” అంది రాట్నం దగ్గరిది. “భయం వేస్తోందా? ఇటు వచ్చెయ్.”

“లేదక్కా. తిప్పు,” అన్నాడు తిప్పన. గొంతు వణికింది. అదృష్టం కొద్దీ అతని గొంతు ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది కనక అది అనుమానించలేదు.

ఇక అతను నడిచిన నడక నారవాడలో కూడా ఎవరూ నడిచి ఉండరు. ఒక కూత, ఎడమకు. ఒక కూత, ఎడమకు. రెండు కూతలు, కుడికి. చంద్రకాంత శిలల్లోంచి కత్తులు మొలిచాయి, అతను వాటి సందుల్లోంచి వెనక్కి జారుకున్నాడు. గాజు ఆకులు రాలి ముక్కలై గాలిలో సుడులు తిరిగాయి. కళ్ళు మూసుకున్నాడు, కూతలను బట్టి నడిచాడు. నూట ఇరవై. నూట అరవై. రాట్నం దగ్గరిది ఇప్పుడు సంగతి పసిగట్టింది. రాట్నం గిరగిరా తిరిగింది. నడుముకు చుట్టుకున్న నార ఇనుపతీగలా బిగిసి పొట్టను కోసింది. నూట తొంభై. పొడుగాటి కూత. తిప్పన ఆగాడు.

మెడ మీద వేడి ఊపిరి. తలమీంచి నీటిబొట్లు పడుతున్నాయి. ఇప్పుడు తిరగాలి.

వెనక ఉన్నది అక్కే అని అతనికి తెలుసు. అయినా తిరగడానికి మనసొప్పలేదు. పళ్ళు పళ్ళే, కొమ్ములు కొమ్ములే. ఒకవేళ నేను పొరబడితే అన్న పాత పురుగు మళ్ళీ తొలిచింది. బావి దగ్గర కూసిన కూతను ఇంకోసారి తలుచుకున్నాడు. అప్పుడు తిరిగి, కళ్ళు తెరిచి, ఆ మొసలిమూతిని సూటిగా చూశాడు. చెయ్యి చాచి దాని చెక్కిలి మీద పెట్టాడు. ఆ నీటిబొట్లు ఎక్కడినుంచి పడుతున్నాయో అప్పుడు తెలిసింది. అది ఏడుస్తోంది.

నల్లచర్మం నడినెత్తి నుంచి చిరిగి రెండు పక్కలా జారిపోయింది. లోపల చెంగమ్మ, ఏడు రోజుల నాటి నలిగిన నీలిచీరతో, జుట్టంతా చెదిరి, గజగజ వణుకుతూ నిలబడి ఉంది.

“గుంతలో పడ్డావే,” అంది మొట్టమొదట. “ఎంత కూసినా జరగవేంరా?”

తిప్పన బదులు చెప్పేలోగా దొడ్డి ఆ చివర రాట్నం దగ్గరిది విరగబడి నవ్వింది. పగడాలు తెంచి పారేసి, ఎర్రంచు చీరను చీల్చుకుని స్వాపకేతుడు పైకి లేచాడు. ఏడు తాటిచెట్ల ఎత్తు మనిషి. ఒంటినిండా మూసిన కనురెప్పలు. అరచేతుల్లో, మెడ చుట్టూ, రొమ్ము మీద, నూట పది రెప్పలు. ఒక్కొక్క రెప్ప కింద ఒక్కొక్కరి నిద్ర సన్నగా కదులుతోంది. ఇంకొక్కదానికి నుదుటి మధ్యన చోటు ఖాళీగా ఉంది.

“శభాష్ తాళ్ళవాడా. ఇంతకాలం వచ్చినవాళ్ళంతా తమవాళ్ళను చూసి తామే పారిపోయారు. నువ్వొక్కడివే తాకావు. అయితే ఒక సంగతి నీకు ఎవరూ చెప్పినట్టు లేరు. నా ఊరి నుంచి బయటికి పోయే దారి భయం ఒక్కటే. భయపడితేనే ఇక్కడ మెలకువ. ఆ తోలు కప్పుకున్నవాళ్ళకు భయం సోకదు, అందుకే లేవరు. మీ యువరాజు పుట్టుకతోనే భయం ఎరగడు, అందుకే నా పెరట్లో కూర్చుని అది సింహాసనం అనుకుంటున్నాడు. ఇప్పుడు నీ గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకో.”

తిప్పన చూసుకున్నాడు. రొంటిన పెట్టిన వక్కముక్క కోసం తడుముకున్నట్టు లోపలంతా తడుముకున్నాడు. గుండె నింపాదిగా కొట్టుకుంటోంది. చేతులు వణకడం లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసిన భయం, కావలసిన పూట పోయింది.

రాట్నం ఒక చుట్టు తిరిగింది. నడుముకున్న తాడు అతన్ని మూడడుగులు ఈడ్చింది. ముడి అతను వేసుకున్నదే, నారవాడ ముడి, బిగిసే కొద్దీ ఊడదు. చెంగమ్మ రెండు చేతులతో తాడు పట్టుకుని వెనక్కి లాగింది.

“అక్కా, వదిలెయ్. వాడి వంక చూడు.”

“నోర్మూసుకుని కాలు తన్నిపట్టు.”

“నా మాట విను. వాడి నుదురు చూడు. ఆ ఖాళీ నీ కోసమే. పొద్దు ఇంకా గూకలేదు. బాగా చూడు. భయపడక్కా.”

“నిన్ను వదిలిపెట్టి ఎట్లా పోనురా?”

“నీకు భయం ఉంది. నాకు లేదు. ఇద్దరిలో ఎవరో ఒకరు లేవాలి గదా.”

చెంగమ్మ తలెత్తింది. స్వాపకేతుడు ఆమె వైపు ఒక్క అంగ వేశాడు. నూట పది రెప్పలూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అన్నీ తెలిసిన కళ్ళే. వీధి చివర గానుగ ముసలాయనవి, కుమ్మరి వారి కోడలివి, అన్నీ ఆమెనే చూస్తున్నాయి. చెంగమ్మ ప్రాణం పోయేలా కేకపెట్టింది. చేతుల్లో తాడు ఉన్నట్టే ఉండి మాయమైపోయింది.

గుహలో చెంగమ్మ లేచి కూర్చునేసరికి సూర్యుడు జోలగుట్టకు బెత్తెడు ఎత్తున ఉన్నాడు. ఎర్రటి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి పడుతోంది. ఆమె దగ్గింది, ఏడు రోజుల తరువాత మొదటిసారి ఊపిరి గట్టిగా పీల్చింది. పక్కకు తిరిగి తమ్ముణ్ణి చూసింది. తిప్పన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖంలో బెదురు లేదు. అతని ముఖం అలా ఉండటం ఆమె ఎన్నడూ చూడలేదు. అవతల తివాచీ మీద పడుకున్న యువరాజు ముఖం కూడా అచ్చం అలాగే ఉంది.

ఆమె తమ్ముడి భుజం పట్టి ఊపింది. చెంపల మీద కొట్టింది. చెవిలో పొడుగాటి కూత వేసింది. అతని నడుము దగ్గర, ఒట్టి చర్మం మీద, తాడు ఒరుసుకున్న ఎర్రటి గీత మాత్రం కొంచెం కొంచెంగా లోతవుతోంది.

“లేవడు తల్లీ,” అంది అవ్వ. “ఇంక ఏడు దినాలు.”

అవ్వ తానెవరో, ఆ పసరు సంగతేమిటో చెప్పింది; చెంగమ్మ కలలో జరిగిందంతా చెప్పి, నిలదీసినట్టు ఆమె వైపు తిరిగింది. “ధైర్యం వస్తే లేవరని నీకు తెలుసా?”

“ఆ రాజబిడ్డ లేవకపోతే అనుమానం వచ్చింది.”

“మా వాడితో ఆ సంగతి చెప్పావా?”

“చెప్తే పోడనుకున్నాను.”

“పోయేవాడే,” అంది చెంగమ్మ. “ఇంకా రెండుసార్లు ఏడ్చి పోయేవాడు. మా వాణ్ణి నువ్వు ఎరగవు.”

అవ్వ తల వంచుకుంది. అరవై ఏళ్ళుగా మూతపడని ఆ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంగమ్మ ఆ నీళ్ళను పట్టించుకోలేదు. కల్వం లాక్కొచ్చి అవ్వ ముందు పెట్టింది.

“ఇంకో దొప్పెడు నూరు.”

“ఎవరికి?”

“నాకే.”

“నీకేమన్నా మతి పోయిందా? ఇప్పుడే కదా చావు తప్పించుకుని వచ్చినావు. నువ్వు పోతే వాడెట్లా లేస్తాడు? వాడి గుండెలో భయమే లేదని చెప్తివే.”

“వాడి కోసం వాడికి లేదు,” అంది చెంగమ్మ. చీర కొంగుతో తమ్ముడి నుదుటి మీద చెమట తుడిచి, అతని పక్కన చాప మీద పడుకుంది. “నేను మళ్ళీ అక్కడికి వచ్చానని చూశాడంటే హడలిపోతాడు. ఆ మాత్రం భయం చాలు వాడు లేవడానికి.”

“మరి నీకు భయంగా లేదా?”

“చచ్చేంత భయంగా ఉంది,” అంది చెంగమ్మ. “అందుకే నేనూ తిరిగి రాగలను. నూరు అవ్వా, నూరు. వాణ్ణి ఆ మాంత్రికుడు ఈడ్చేస్తున్నాడు.”